అమాస నుంచి అమాస దాకా

అమ్మ పోయి ఐదు నెలలు. ఏడాది నిండేదాకా మా ఇంట్లో పండుగ లేదు. 2024లో పెత్రమాస అక్టోబర్ 2న వచ్చింది. ఆ సాయంత్రం కాజీపేటలో మా వాడ ఆడవాళ్ళు ఎంగిలిపూల బతుకమ్మలు ఎత్తుకుని పోతుంటే బాపు, నేను గడప లోపలే నిలబడి చూశాం. వాళ్ళు మలుపు తిరిగి పోయాక ఇంట్లో చేసే పనేమీ లేదు. అమ్మ పెట్టె తెరిచాను.

చీరల అడుగున ఒక లావు కట్ట దొరికింది. పాత క్యాలెండర్ కాగితం అట్టగా వేసి, దబ్బనంతో కుట్టింది. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం', వారం వారం చింపి దాచుకున్నది. మధ్యలో ఒక వారం దొరకలేదేమో, అక్కడ రూళ్ళ నోట్‌బుక్ కాగితాలు కుట్టి ఉన్నాయి. ఎవరి దగ్గరో పత్రిక అడిగి తెచ్చి, ఆ వారం భాగమంతా తన చేత్తో రాసుకుంది. చీకటి పడితే పెరట్లోకి ఒంటరిగా పోని మనిషి, బాపు రాత్రి డ్యూటీకి పోయినప్పుడు దీపం పెట్టుకుని, చేతబడి, కాష్మోరా అనే క్షుద్రశక్తి ఉన్న ఈ కథ చదివింది. నాకు ఈ సంగతి తెలియదు. బాపుకూ తెలియదు.

ఆ రాత్రే మొదలుపెట్టాను. అది అయిపోయాక ఇంకొకటి, తర్వాత ఇంకొకటి. నెలంతా దయ్యాల కథలు, భయం కథలే చదివాను. డల్లాస్‌లో ఉండే మా పెదనాన్న మనవరాలు ఫోన్‌లో విని, అక్కడ అక్టోబర్ అంతా ఇలాంటి పుస్తకాలే చదువుతారని చెప్పింది. 31న హాలోవీన్ కదా, అందుకని. ఆ సంవత్సరం మన దీపావళి అమాస కూడా 31నే పడింది. పెద్దల అమాసతో మొదలైన నా చదువు దీపాల అమాస దగ్గర ముగియాలని అప్పుడే అనుకున్నాను.

నెల చివరికి వచ్చేసరికి బాపు, "కాళేశ్వరం పోయొద్దాం పా" అన్నాడు. అమ్మ అస్థికలు కలిపింది అక్కడే. ఐదు రోజుల ప్రయాణం అనుకున్నాం. కారులో బట్టల సంచితోపాటు పుస్తకాల సంచీ పెట్టాను. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు ప్రతి మజిలీలో గోపబాలుడికి ఒక కథ చెబుతాడు. మా ప్రయాణమూ అలాగే సాగింది. కాకపోతే ఇక్కడ గోపబాలుడికి డెబ్బై ఏళ్ళు.

అక్టోబర్ 27, ఆదివారం

బయలుదేరేముందు కాజీపేట జంక్షన్ ముందు చాయ తాగాలని బాపు పట్టుబట్టాడు. సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా లైన్లు కలిసే చోటు ఇది. ఆయన గ్యాంగ్‌మన్‌గా చేరి, కీమన్‌గా రిటైర్ అయ్యాడు. రోజూ పొద్దున సుత్తి, పానా పట్టుకుని తన బీట్ పొడవునా పట్టాల వెంట నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే బిగించడం ఆయన పని. సెప్టెంబర్ మొదట్లో వానలకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయినప్పుడు టీవీ ముందు కూర్చుని అన్నం కూడా తినలేదు.

అక్కడ చాయ తాగుతూనే మొదటి కథ చెప్పాను. రవీంద్రనాథ్ టాగూర్ 1895లో రాసిన 'క్షుధిత పాషాణ్', అంటే ఆకలిగొన్న రాళ్ళు. ఒక జంక్షన్‌లో రైలు కోసం ఎదురుచూస్తూ ఒకాయన చెప్పే కథ అది. తాను నిజాం కొలువులో చేరి, బరీచ్ అనే చోట పత్తి మీద సుంకం వసూలు చేసే ఉద్యోగం చేశానంటాడు. ఊరికి దూరంగా నది ఒడ్డున పాడుబడ్డ పాలరాతి మహల్‌లో ఉంటాడు. పగలు లెక్కల పుస్తకాలు, రాత్రయితే ఎవరో మెట్లు దిగి నదిలోకి పరుగెత్తిన చప్పుడు, కనిపించని గజ్జెలు. ఒకప్పుడు అక్కడ తీరని కోరికలతో కాగిపోయినవాళ్ళ ఆకలి రాళ్ళకు పట్టుకుంది. మెహర్ అలీ అనే పిచ్చివాడు రోజూ తెల్లవారుజామున మహల్ చుట్టూ తిరుగుతూ, దూరంగా పొండి, అంతా అబద్ధం అని అరుస్తుంటాడు.

"తర్వాత?" అన్నాడు బాపు.

అసలు రహస్యం చెప్పబోయే సమయానికి రైలు వచ్చేస్తుంది. చెప్పేవాడు తనకు తెలిసిన దొర పెట్టెలోకి ఎక్కి వెళ్ళిపోతాడు. కథ అక్కడే ఆగుతుంది.

బాపు గ్లాసు కింద పెట్టాడు. "గట్లనే ఉంటది కొడుకా. ప్లాట్‌ఫారం మీద ఎన్ని ముచ్చట్లు సగంల ఆగిపోయినయో. బండొస్తే మనిషి ఎక్కుడే."

ములుగు రోడ్డు పట్టాం. దామెర, ఆత్మకూరు దాటాక రెండు పక్కలా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి, కూలీలు వంగి ఏరుతున్నారు. టాగూర్ కథ గుర్తుకొచ్చి, ఆ పత్తి సుంకం వసూలు చేసిన మనిషి ఇలాంటి చేల మధ్య నుంచే గుర్రం మీద పోయి ఉంటాడనిపించింది. కల్పిత కథే, కల్పిత స్థలమే. అయినా నిజాం పేరు, పత్తి, జంక్షన్ మూడూ ఉన్న దయ్యం కథ చదివినప్పుడు అది బెంగాల్ నుంచి కాక మా వాకిట్లోంచే వచ్చినట్టు తోచింది.

గణపురం కోటగుళ్ళకు మధ్యాహ్నం చేరాం. కాకతీయుల కాలపు గుళ్ళ సముదాయం. పెద్ద గుడి చుట్టూ చిన్న గుళ్ళు, అన్నీ కలిపి 22 అంటారు. చాలావరకు కూలిపోయి, స్తంభాలు ఒరిగి, కప్పులు పగిలి ఉన్నాయి. ఏడాది నిండలేదు కాబట్టి బాపు లోపలికి రాలేదు. ప్రాకారం బయట చెట్టు కింద కూర్చున్నాడు. నేను ఒక్కణ్ణే తిరిగాను. ఒక చిన్న గుడి ద్వారం మాత్రం మిగిలింది, వెనక గోడ లేదు. ద్వారంలోంచి చూస్తే ఆకాశం. గబ్బిలాల వాసన, ఎండలో కాగిన రాయి వేడి. ఆ ద్వారం ముందు చాలాసేపు నిలబడ్డాను. భయం వేయలేదు. లోపల ఉన్నదేదో వెళ్ళిపోయాక కూడా వాకిలి వాకిలిగానే నిలబడి ఉండటం చూస్తే గొంతు పట్టేసింది.

రామప్పకు సాయంత్రం వెళ్ళాం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. జనం కిటకిటలాడుతున్నారు. దయ్యం కథకు చోటు లేనంత వెలుగు, సందడి. చెరువు కట్ట మీద కూర్చుని పొద్దు గూకేదాకా ఉన్నాం.

అక్టోబర్ 28, సోమవారం

తాడ్వాయి దారిలో 'డ్రాక్యులా' చెప్పాను. బ్రామ్ స్టోకర్ 1897లో అచ్చు వేయించిన ఈ నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికల ముక్కలు. మొదటి పేజీ ఒక ప్రయాణపు డైరీయే, మే 3 తేదీతో. జొనాథన్ హార్కర్ అనే కుర్ర లాయరు ట్రాన్సిల్వేనియా వెళుతూ, రైలు గంట ఆలస్యమైందని రాసుకుంటాడు. తూర్పుకు పోయినకొద్దీ బండ్లు వేళకు రావని విసుక్కుంటాడు. బాపు ముఖం వెలిగిపోయింది. అక్కడ డ్రాక్యులా ప్రభువు కోటలో ఒకరోజు ఆ ప్రభువే సోఫాలో పడుకుని ఇంగ్లండు రైళ్ళ టైంటేబిల్ చదువుతూ కనిపిస్తాడని చెప్పేసరికి మాత్రం నవ్వలేదు.

"ఊరు చేరకముందే లైన్లు నేర్సుకున్నడన్నట్టు. గదే భయం" అన్నాడు.

నేను ఆ పుస్తకం చదువుతూ ఈ ముక్క దగ్గర ఆగనే లేదు. కోరలు, గబ్బిలాలు, శవపేటికలు గుర్తుపెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు పట్టాల వెంట నడిచినాయనకు టైంటేబిల్ దగ్గర ఒళ్ళు జలదరించింది. నిజమే, నవల చివర్లో కూడా హార్కర్ భార్య మీనా రైళ్ళ వేళలు లెక్కగట్టే ఆ ప్రభువును వెంటాడిస్తుంది. ఇంకొకటి కూడా చెప్పాను. డ్రాక్యులా పిలవని ఇంట్లోకి మొదటిసారి అడుగు పెట్టలేడు, ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు రమ్మనాలి. బాపు దానికేమీ అనలేదు, కిటికీ అద్దం దించి బయటికి చూస్తూ ఉన్నాడు.

తాడ్వాయి అడవిలో ఆగస్టు 31న ఒక్క గాలికి 50 వేల చెట్లు కూలాయని వార్తల్లో చూశాం. లోపలికి వెళ్ళడానికి లేదు. మేడారం దారిలో రోడ్డు మీద నుంచి కనిపించినంతే చూశాం. వేళ్ళతో సహా లేచిన చెట్లు, సగానికి విరిగిన మొద్దులు, అన్నీ ఒకే వైపు పడి. అంత పెద్ద అడవిలో అక్కడ మాత్రం ఆకాశం ఎక్కువగా ఉంది. చాయ దుకాణం దగ్గర ఒకావిడ, "ఊర్ల మీదికి రాకుండ సమ్మక్క తల్లే ఆపింది" అని చేతులు జోడించింది. ఆ నెలలో నేను చదివిన ఏ కథలోనూ ఇంత నిశ్శబ్దం లేదు. (మేం తిరిగొచ్చిన ఐదు వారాలకు, డిసెంబర్ 4 ఉదయం, ములుగులో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. కాజీపేటలో మా వంటింటి గిన్నెలు గలగలమన్నాయి. నాకు వెంటనే ఆ పడిపోయిన చెట్లే గుర్తొచ్చాయి.)

దామరవాయి మధ్యాహ్నం చేరాం. గుట్ట మీద ఇనుపయుగం నాటి మనుషుల సమాధులున్నాయి. పలకల్లాంటి పెద్ద బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పారు. ఊళ్ళో వీటిని రాకాసి గుళ్ళంటారు. మనిషి ఎత్తలేని బండలు కాబట్టి రాకాసులే కట్టి ఉంటారని. ఇది గుడి కాదు కనుక బాపు నాతో పాటు ఎక్కాడు. దారి చూపిన పెద్దమనిషి, వానొస్తే మేకల కాపర్లు వీటి పక్కనే నిలబడతారని చెప్పాడు. చచ్చినవాళ్ళ కోసం కట్టిన గూటి పక్కన బతికున్నవాళ్ళు తల దాచుకోవడం వాళ్ళకు వింతే కాదు.

ఒక సమాధి పక్కన తంగేడు ఇంకా పూసి ఉంది. అది చూడగానే అమ్మ చెప్పే బతుకమ్మ కథ నోట్లోకి వచ్చింది. అన్నలందరికీ ఒక్కతే చెల్లె. వదినకు కండ్లమంట. అన్నలు ఊళ్ళో లేనప్పుడు పిల్లను చంపి, ఊరి బయట పాతిపెడుతుంది. పాతిన చోట తంగేడు మొలిచి పూస్తుంది. ఆ దారిన వస్తూ అన్న పూవు తెంపబోతే చెట్టు మాట్లాడుతుంది. నన్నిట్ల చేసిన్రు అన్నా, ఏటేటా నన్ను పూలల్ల పేర్చి నీళ్ళల్ల సాగనంపు అంటుంది. ఊరికో తీరుగా చెబుతారు ఈ కథను. అమ్మ చెప్పింది ఇది.

చిన్నప్పుడు దీన్ని పండుగ కథగా విన్నాను. ఈ నెలలో ఇన్ని పుస్తకాలు చదివాక, ఇది దయ్యం కథ అని ఆ గుట్ట మీద మొదటిసారి తెలిసింది. చంపబడ్డ పిల్ల తిరిగి వచ్చి మాట్లాడుతుంది. కానీ ఎవరూ తలుపు వేసుకోరు. వెల్లుల్లి కట్టరు. తొమ్మిది రోజులు ఆమెను వాకిట్లో పెట్టుకుని చుట్టూ తిరిగి పాడతారు, తర్వాత మళ్ళీ రమ్మని చెప్పి చెరువులో వదులుతారు. అది మొదలయ్యేది కూడా పెద్దలకు పెట్టుకునే అమాస నాడే. పోయినవాళ్ళతో ఇంత చనువుగా ఉండే పండుగ మా నేల మీద పుట్టినందుకు నాకు ఆ క్షణం ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

అక్టోబర్ 29, మంగళవారం

భూపాలపల్లి, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం. దారిలో పెద్దగా మాట్లాడుకోలేదు.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి యముడు, ఒకటి శివుడు. ముందు యముడికి మొక్కి, తర్వాత శివుడికి మొక్కాలంటారు. మేం గుడి లోపలికి పోలేదు, నది దాకానే. గోదావరి, ప్రాణహిత కలిసే చోట నీళ్ళు రెండు రంగుల్లో కాసేపు పక్కపక్కనే సాగుతున్నాయి. బాపు మోకాలి లోతు దాకా దిగి, దోసిట్లో నీళ్ళు పట్టి వదిలాడు. ఏం అనుకున్నాడో అడగలేదు. ఒడ్డున కూర్చున్నాక, "మీ అమ్మకు ఈత రాదు" అన్నాడు, అంతే.

రాత్రి లాడ్జిలో కరెంటు పోయింది. ఇంకో కథ చెప్పమన్నాడు. 'కోతి చెయ్యి' చెప్పాలా వద్దా అని తటపటాయించాను. డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో ప్రచురించిన చిన్న కథ. నెల మధ్యలో, పున్నమి దగ్గర ఒక రాత్రి చదివి, పుస్తకం మూసి, మిగతా రాత్రంతా మేలుకుని ఉన్నాను. ఈ నెలలో చదివినవాటిలో దీనంత కోసిన కథ లేదు. చివరికి చెప్పాను.

ఇంగ్లండులో ఒక చిన్న ఇల్లు. తల్లీ, తండ్రీ, ఒక్కడే కొడుకు. మన దేశంలో సిపాయిగా పనిచేసి వచ్చిన ఒకాయన ఎండిన కోతి చెయ్యి ఒకటి తెస్తాడు. ఒక ఫకీరు మంత్రించినది, మూడు కోరికలు తీరుస్తుంది. తండ్రి రెండు వందల పౌండ్లు కోరుకుంటాడు. మర్నాడు కొడుకు ఫ్యాక్టరీలో మెషీన్లో పడి చనిపోతాడు, కంపెనీ తెచ్చి ఇచ్చిన పరిహారం సరిగ్గా రెండు వందల పౌండ్లు. కొన్నాళ్ళకు ఒక రాత్రి తల్లి లేచి, కొడుకును బతికించమని కోరుకో అంటుంది. తండ్రి వణుకుతూ కోరుకుంటాడు. చాలాసేపటికి తలుపు చప్పుడవుతుంది. తల్లి పరుగెత్తుతుంది. పై గడియ అందదు. కుర్చీ లాక్కుంటుంది. ఆమె గడియ తీసేలోపే తండ్రి చీకట్లో నేల తడిమి కోతి చెయ్యి దొరికించుకుని, మూడో కోరిక కోరుకుంటాడు. తలుపు తెరిస్తే బయట ఎవరూ లేరు, ఖాళీ రోడ్డు, దీపం.

నాకు ఆ తండ్రి మీద కోపం. నెలంతా ఆ కోపం పోలేదు. చెప్పడం అయ్యాక ఆ మాటే అన్నాను. తలుపు తీయనిచ్చి ఉండాల్సింది, కొడుకు ఎలా ఉంటేనేం అని.

చీకట్లో బాపు మంచం కిర్రుమంది. "నీకు తెల్వదు కొడుకా" అన్నాడు. "మెషీన్ కింద పడ్డ పానం ఎట్లుంటదో నేను జూసిన. పట్టాల మీద పొద్దుగాల ముందు నడిచేటోడు కీమనే. బట్టలను బట్టే మనిషిని గుర్తువట్టేది. తల్లి వస్తే మా తువ్వాల కప్పి, దగ్గరికి రానియ్యకపోయేది. ఆ తండ్రి చేసింది తప్పు కాదు."

కథలో కూడా అంతే ఉంది. కొడుకును బట్టలను బట్టే గుర్తుపట్టానని ఆ తండ్రి భార్యతో అంటాడు. నేను బాపుకు ఆ ముక్క చెప్పలేదు. ఆయనకు చెప్పకుండానే తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ డ్యూటీ నుంచి ఇంటికి వచ్చి, బయట నల్లా దగ్గరే కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి వచ్చేవాడు. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు.

కాసేపాగి ఆయనే మళ్ళీ మొదలుపెట్టాడు. "మన క్వార్టర్‌ల గూడ గడియ మీదికి ఉండె. యాదికున్నదా? మీ అమ్మకు అందకపోయేది, పీట మీద ఎక్కి తీసేది."

గుర్తుంది. ఇంకొకటీ గుర్తుంది. మా క్వార్టర్ల లైన్లో ప్రతి తలుపు మీదా సుద్దముక్కతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉన్న రోజులు. రాత్రిపూట ఒక ఆడదయ్యం ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని, తలుపు తీస్తే అంతేనని ఊరంతా టెన్షన్. ఈ రాత చదివితే మర్నాడొద్దామని వెళ్ళిపోతుందట. వానాకాలంలో బాపు లాంతరు పట్టుకుని పట్టాల వెంట రాత్రి పెట్రోలింగ్ తిరిగేవాడు, ఏ మూడింటికో వచ్చి తలుపు కొట్టేవాడు. అమ్మ వెంటనే తీసేది కాదు.

"నా గొంతు విన్నా నమ్మకపోయేది. లాంతరు మీది నంబర్ అడిగేది. పదిహేడు అని చెప్తే గప్పుడు పీట గుంజేది. నేను వానల తడుసుకుంట బయట నిలవడి, పీట చప్పుడు కోసం చెవులు పెట్టేటోన్ని."

కరెంటు వచ్చింది. ఇద్దరం దీపం ఆర్పి పడుకున్నాం.

అక్టోబర్ 30, బుధవారం

మంథని దాటి ధర్మపురి వైపు. ఒక ఊరి బయట మూడు బాటల దగ్గర విస్తరాకులో పసుపన్నం, కోసిన నిమ్మకాయలు, కోడిగుడ్డు కనిపించాయి. బాపు దాన్ని తొక్కకుండా పక్క నుంచి పోనియ్యమన్నాడు. పోనిచ్చాను.

ఆ నిమ్మకాయలు చూశాక ఆయన తన చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో పిల్లలకు వరసగా జ్వరాలొస్తే, ఒక ముసలాయన బాణామతి, అంటే చేతబడి, చేస్తున్నాడని పేరు పెట్టారు. రాత్రి ఇంట్లోంచి గుంజుకొచ్చి, మంత్రం పలకకుండా పళ్ళు పీకారు. ఆయన తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. మెత్తటి అన్నం తప్ప ఏమీ తినలేకపోయేవాడు. అలా పళ్ళు పీకిన, చంపిన ఘటనలు మా వరంగల్, కరీంనగర్, మెదక్ పల్లెల్లో ఆ ఒక్క ఊరితో ఆగలేదు. మనిషి ఒంటరిదైతే, ముసలిదైతే, పేదదైతే ఆ పేరు ఇంకా తొందరగా అంటుకుంటుంది.

నేను స్కూల్లో ఉన్నప్పుడు 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక వాళ్ళు వచ్చి, నిమ్మకాయ కోస్తే రక్తం ఎలా వస్తుందో చేసి చూపించారు. కత్తికి ముందే మందారపూల రసం పట్టించి ఆరబెడతారు. నిమ్మ పులుపు తగలగానే అది ఎర్రబడుతుంది. పిల్లలందరం ఇళ్ళకు పోయి అమ్మల కత్తులన్నిటికీ మందారాలు రుద్దాం.

ఇది నా చదువులో నన్ను చాలా ఇబ్బంది పెట్టిన సంగతి. చేతబడి కథ పుస్తకంలో చదువుతున్నంతసేపు ఎంత ఉత్కంఠగా ఉంటుందో. అదే మాట పక్క వాడలో ఒకామె మీద పడితే ఆమె బతుకు పోతుంది. తులసిదళం నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ ఆ రాత్రుల్లో చదివిన నేను, పళ్ళు లేని ఆ ముసలాయనను ఇక మరిచిపోయి చదవలేను.

కోటిలింగాల దగ్గర గోదావరి ఒడ్డున ఆగాం. శాతవాహన వంశ మూలపురుషుడు చిముకుని నాణేలు దొరికిన చోటు. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు ఇక్కడిదాకా నిలుస్తాయి. బాపు గట్టు మీద కూర్చుంటే గుణాఢ్యుడి కథ చెప్పాను. శాతవాహన రాజు కొలువులో పండితుడు. పందెంలో ఓడి, తెలిసిన భాషలన్నీ వదులుకుని, అడవిలో పిశాచాల భాష నేర్చి, సిరా లేక తన నెత్తుటితో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడట. రాజు పిశాచ భాషని ఈసడించి తోసేస్తే, నిప్పు రాజేసి ఒక్కో ఆకూ చదివి మంటలో వేశాడు. అడవి జంతువులు మేత మాని, కన్నీళ్ళతో చుట్టూ నిలబడి విన్నాయి. రాజు తెలుసుకుని వచ్చేసరికి లక్ష శ్లోకాలే మిగిలాయి. అసలు పుస్తకం ఇప్పుడు ఎక్కడా లేదు. కాశ్మీరంలో సోమదేవుడు 11వ శతాబ్దంలో రాసిన కథాసరిత్సాగరంలో ఆ కథల మాదిరి మిగిలింది. విక్రమార్కుడి భుజం మీది బేతాళుడూ అందులోనే ఉన్నాడు. చందమామలో నెలనెలా మనం ఎదురుచూసిన బేతాళుడు.

పిశాచాల భాషలో రాసిన కథల గురించి, ఆ రాజుల తొలి నాణేలు దొరికిన మట్టి మీద కూర్చుని చెప్పాను. చెబుతున్నంతసేపూ నా ఒళ్ళు పులకరిస్తూనే ఉంది.

"చదివిన ఆకులు కాల్చిండు. మరి విన్న జంతువులకు యాదికుంటది గద" అన్నాడు బాపు.

రాత్రి ధర్మపురిలో పడుకున్నాం. అక్కడ నరసింహస్వామి ఆలయంలో యముడికీ గుడి ఉంది. ధర్మపురికి వచ్చినవాళ్ళకు యమపురి ఉండదంటారు. అమ్మ ఎప్పుడూ రాలేదు ఇక్కడికి. తీసుకొస్తానని రెండు మూడుసార్లు అన్నాను.

అక్టోబర్ 31, గురువారం

కరీంనగర్ మీదుగా తిరుగు ప్రయాణం. హన్మకొండ చేరేసరికి చీకటి పడింది. వాడవాడలా దీపాలు, పటాకుల పొగ. కాజీపేటలో మా వాకిలి ఒక్కటే చీకటిగా ఉంది.

డల్లాస్ నుంచి ఫోటో వచ్చింది. గుమ్మడికాయకు కళ్ళు, నోరు చెక్కి, లోపల దీపం పెట్టి గడప ముందు ఉంచారు. బాపు ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూశాడు. "మనం గడప మీద కడతం, వాళ్ళు కింద పెట్టిన్రు" అన్నాడు.

అన్నం తిన్నాక పుస్తకాలు సర్దుతుంటే అమ్మ కట్ట అడిగాడు. "మీ అమ్మ రాసిన కాయిదాలు చదువు."

ముందేమైందో తెలియకపోతే అర్థం కాదన్నాను. పర్వాలేదన్నాడు. ఆ రూళ్ళ కాగితాలు చదివాను. నాలుగు పేజీలు. అక్కడక్కడా తొందరలో ఒత్తులు వదిలేసింది. ఒక చోట పెన్సిల్ అరిగిపోయి, అక్కడి నుంచి నీలం సిరా. బయట పటాకులు పేలినప్పుడల్లా ఆగి, చప్పుడు తగ్గాక మళ్ళీ చదివాను. బాపు కళ్ళు మూసుకుని విన్నాడు.

చదవడం అయ్యాక తలుపు వేయడానికి లేచాను. ఉండమని చెయ్యి చూపించి ఆయనే లేచాడు. ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు వడ్రంగితో దగ్గరుండి గడియ కిందికి పెట్టించాడు, అమ్మకు అందేలా. ఆయన ఎత్తుకు అది చాలా కిందికి. ఒక చెయ్యి తలుపుకు ఆనించి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా వంగి గడియ వేశాడు.